49 శాతం ఉన్నా మైనారిటీయే: ముత్యంపేట ఫ్యాక్టరీ, చిన్న వాటాదారు, కంపెనీ చట్టం

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్ శక్కర్‌నగర్ యూనిట్, మెదక్ జిల్లా మంబోజిపల్లి యూనిట్ కూడా అప్పుడే లేఆఫ్ ప్రకటనతో ఆగిపోయాయి. మూడూ నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అనే కంపెనీవి. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వారసత్వమది. 2002లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ యూనిట్లలో 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు అప్పగించింది. మిగిలిన 49 శాతం ప్రభుత్వ పక్షానే ఉండిపోయింది.

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో ఈ ఫ్యాక్టరీ మాట వస్తే ఎందుకు అమ్మారని, మళ్లీ ఎప్పుడు తెరుస్తారని అడుగుతారు. రెండూ అడగాల్సినవే. కానీ అమ్మకానికీ మూతకూ మధ్య పదమూడేళ్ల కాలం ఉంది. ఆ కాలమంతా ప్రజల పేరిట దాదాపు సగం వాటా ఉన్న యజమాని ఒకరున్నారు. అలాంటి వాటాదారుకు కంపెనీ చట్టం ఏ హక్కులిచ్చింది? వాటికి హద్దులేమిటి? ముత్యంపేటలో ఎవరిది తప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు, అది సాక్ష్యాలు చూసే న్యాయస్థానం పని. చట్టం తెరిచి ఉంచిన దారులేవో, అవి ఎప్పుడు మూసుకుపోతాయో బయటపెట్టడం వరకే నా ప్రయత్నం. ఆ దారులు ప్రభుత్వానికే కాదు, జగిత్యాలలోనో సిరిసిల్లలోనో చిన్న ప్రైవేట్ కంపెనీలో రెండు లక్షలు పెట్టి చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చిన మనిషికీ సంబంధించినవి.

ముందుగా మూడు విషయాలను విడదీసి చూడాలి. బయట జరిగే చర్చలో అవి కలిసిపోతుంటాయి. 2002లో వాటా ఎంతకు అమ్మారు, ఆ ధర న్యాయమేనా అన్నది మొదటిది. దీనిపై 2004 తర్వాత శాసనసభా సంఘం విచారణ కూడా జరిగింది. అయితే తక్కువ ధరకు అమ్మారన్న ఫిర్యాదు అమ్మినవారి నిర్ణయం మీద వేసే ప్రశ్న, ఒప్పందం మీద వేసే ప్రశ్న. కంపెనీలో ఉన్న వాటాదారును తోటి వాటాదారులు అన్యాయంగా చూశారన్న ఫిర్యాదు వేరు. మైనారిటీ వాటాదారు రక్షణ సెక్షన్లు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవు. 2002 నుంచి 2015 దాకా కంపెనీ వ్యవహారాలు ఎలా నడిచాయన్నది రెండోది. ఈ సెక్షన్లు పనిచేసేది ఇక్కడే. మూతపడ్డాక దివాలా ప్రక్రియలో ఎవరికి ఎంత దక్కుతుందన్నది మూడోది. అక్కడికొచ్చేసరికి వాటాదారు మాటకు విలువ బాగా పడిపోతుంది. అదెందుకో తర్వాత చూద్దాం.

ఆపగలిగే వాటా, నడపలేని వాటా

కంపెనీలో నిర్ణయాలు రెండు మెట్ల మీద జరుగుతాయి. సాధారణ తీర్మానానికి సగానికి మించిన ఓట్లు చాలు. ప్రత్యేక తీర్మానానికి అనుకూలంగా పడిన ఓట్లు, వ్యతిరేకంగా పడినవాటికి కనీసం మూడు రెట్లు ఉండాలి. అంటే పోలైన ఓట్లలో 25 శాతానికి మించి చేతిలో ఉన్నవారు ప్రత్యేక తీర్మానాన్ని అడ్డుకోగలరు. 49 శాతం ఉన్నవారి సంగతి చెప్పనక్కర్లేదు. కంపెనీ నియమావళి మార్చాలన్నా, మూలధనం తగ్గించాలన్నా వారి సమ్మతి కావాల్సిందే.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పబ్లిక్ కంపెనీ తన ఫ్యాక్టరీని, సంస్థ మొత్తాన్నో అందులో ముఖ్య భాగాన్నో అమ్మాలంటే 1956 చట్టంలోని సెక్షన్ 293 ప్రకారం సాధారణ తీర్మానమే సరిపోయేది. 2013 చట్టం సెక్షన్ 180తో దాన్ని ప్రత్యేక తీర్మానంగా మార్చింది. అంటే 2002లో 49 శాతం వాటాతో మిగిలినవారికి అమ్మకాన్ని ఆపే బలం చట్టం నుంచి నేరుగా రాలేదు. వాటాదారుల ఒప్పందంలోనో నియమావళిలోనో ముందే రాయించుకుంటేనే వచ్చేది. 2013 తర్వాత ఆ బలం చట్టంలోకే వచ్చింది.

అయినా ముత్యంపేట రైతును దెబ్బతీసినవి ఇలాంటి తీర్మానాలు కావు. ఈ సీజన్ క్రషింగ్ మొదలుపెట్టాలా వద్దా, యంత్రాల మరమ్మతుకు డబ్బు పెట్టాలా, చెరుకు బకాయిలు ఎప్పుడు చెల్లించాలి, బ్యాంకు అప్పు ఎలా వాడాలి అన్నవన్నీ బోర్డు గదిలో తేలే విషయాలు. డైరెక్టర్ల నియామకం సాధారణ తీర్మానంతో జరుగుతుంది కాబట్టి, ప్రత్యేక ఒప్పందం లేకపోతే 51 శాతం చేతిలో ఉన్నవారే బోర్డులో అధికులను కూర్చోబెట్టుకోగలరు. 49 శాతం ఆపగలదు, నడపలేదు. ఫ్యాక్టరీ నడవకుండా పోతుంటే ఆపే హక్కు అక్కరకు రాదు. అందుకే మైనారిటీ అన్న మాటను శాతాలతో కొలవకూడదని నా అభిప్రాయం. బోర్డు మీద పట్టు లేనివారెవరైనా మైనారిటీయే.

అణచివేత అంటే న్యాయస్థానం దృష్టిలో ఏమిటి

కంపెనీకి నష్టం జరిగితే దావా వేయాల్సింది కంపెనీయే తప్ప వాటాదారు కాదు, అధికుల నిర్ణయంలో కోర్టు తలదూర్చదు అన్న సూత్రం ఇంగ్లండులో 1843 నాటి ఫాస్ వర్సెస్ హార్‌బాటిల్ కేసు నుంచి వస్తోంది. ఆ సూత్రం ఎంత కఠినమో 20వ శతాబ్దం మధ్యకు గానీ చట్టసభలు గుర్తించలేదు. ఇంగ్లండు 1948లో మినహాయింపు తెచ్చింది. మన దేశం 1951లో నాటి కంపెనీల చట్టానికి 153-సి అనే సెక్షన్ చేర్చింది. అదే 1956 చట్టంలో 397, 398 సెక్షన్లయింది, 2013 చట్టంలో 241, 242 అయింది.

ఆ 153-సి మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఒకటి తెలుగు నేల మీదిదే. అది 1955 నాటి రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ కేసు. పట్టణానికి కరెంటు సరఫరా చేసే ఆ కంపెనీలో వైస్ చైర్మన్ కంపెనీ సొమ్మును సొంతానికి వాడుకున్నారని, ప్రభుత్వానికి కట్టాల్సిన కరెంటు చార్జీలు పెద్దమొత్తంలో పేరుకుపోయాయని, యంత్రాలు పాడుబడ్డాయని కోర్టు ముందు నిరూపణ అయింది. స్థానికంగా బలమైన ఒక చిన్న గుంపు పెత్తనం చేస్తోందని, దాని బయట ఉన్న వాటాదారులు ఏమీ చేయలేని స్థితిలో ఉన్నారని న్యాయస్థానం భావించింది. కంపెనీని మూసేయమని మాత్రం చెప్పలేదు. డైరెక్టర్ల అధికారాలన్నీ ఇద్దరు నిర్వాహకులకు ఆరు నెలల పాటు అప్పగించిన కింది కోర్టు ఉత్తర్వును నిలబెట్టింది. ఈ ఉపశమనం స్వభావమే అది. కంపెనీని చంపకుండా పగ్గాలు మార్చడం.

అదే కేసులో వాటాదారులకు పనికొచ్చే మరో మాట ఉంది. పిటిషన్‌కు సమ్మతి తెలుపుతూ సంతకాలు చేసినవారిలో 13 మంది తర్వాత వెనక్కి తగ్గారు. దాంతో సంఖ్య చాలదు, పిటిషన్ కొట్టేయండని కంపెనీ వాదించింది. పిటిషన్ దాఖలైన రోజున లెక్క సరిపోతే చాలని, తర్వాత ఎవరు జారుకున్నా అది చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో బెదిరించి, బతిమాలి, బంధుత్వం కలిపి సంతకాలు వెనక్కి తీయించే పద్ధతి ఎరిగినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

అయితే నష్టం జరిగినంత మాత్రాన అణచివేత జరిగినట్టు కాదు. 1965లో శాంతిప్రసాద్ జైన్ వర్సెస్ కళింగ ట్యూబ్స్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలమానం నేటికీ నడుస్తోంది. ఆ ప్రవర్తన భారంగా, కఠినంగా, తప్పుగా ఉండాలి. ఒక్కసారితో అయిపోకుండా పిటిషన్ వేసే నాటి వరకు కొనసాగుతూ ఉండాలి. వాటాదారుగా ఉన్న హక్కుకు నిజాయితీ లేని దెబ్బ తగలాలి. అధికులపై నమ్మకం పోయిందని చెప్పడం చాలదు. 2013 చట్టం మరికొంత దూరం వెళ్లి, కంపెనీకి, ప్రజాప్రయోజనానికి జరిగే హానితో పాటు సభ్యుడి ప్రయోజనాలకు హాని కలిగించే తీరును కూడా సెక్షన్ 241 కిందికి తెచ్చింది. ఆ ప్రజాప్రయోజనం అన్న మాట చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట బరువైనది. చెరుకు పండించే రైతు, క్రషింగ్ సీజన్ మీద బతికే కార్మికుడు వాటాదారులు కారు. అయినా వారికి జరిగే హానిని ఈ వివాదాలు వినే కంపెనీ లా ట్రిబ్యునల్ ముందు పెట్టడానికి వాటాదారు చేతిలో ఉన్న దారి అదే.

ఎంతవరకు ఆశించాలో చెప్పే తీర్పు కూడా ఉంది. టాటా సన్స్‌లో సైరస్ మిస్త్రీ కుటుంబానికి 18.37 శాతం వాటా ఉంది. 2016లో ఆయన్ను చైర్మన్ పదవి నుంచి తొలగించారు. అప్పీలు ట్రిబ్యునల్ ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చినా, 2021 మార్చి 26న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పదవి నుంచి తొలగించడం దానికదే అణచివేత కాదని తేల్చింది. పద్దెనిమిది శాతం వాటా, దేశంలోని పేరున్న న్యాయవాదులు, ఏళ్ల తరబడి వాదనలు ఉన్నచోటే ఫలితం అలా వచ్చింది. వ్యాపార నిర్ణయం నచ్చలేదని, పదవి పోయిందని మాత్రమే కేసు వేయాలనుకునే చిన్న వాటాదారుకు ఇది గట్టి హెచ్చరిక.

గల్ఫ్‌లో ఉన్న వాటాదారు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు వేలల్లో ఉన్నారు. అక్కడి సంపాదన కొంత ఇంటికి, కొంత భూమికి పోతుంది. కొందరిది స్నేహితుడో బావమరిదో నడిపే చిన్న కంపెనీలోకి వస్తుంది. ఈ వాటాదారుకు రెండు ప్రమాదాలున్నాయి. ఊళ్లో ఉండడు, కాగితాలు చూడడు.

సరిగ్గా ఈ పరిస్థితి మీదే 2004లో సుప్రీంకోర్టు డేల్ అండ్ కారింగ్టన్ కేసులో తీర్పిచ్చింది. కేరళలో ఒక హోటల్ వ్యాపారం కోసం విదేశంలో ఉంటున్న దంపతులు డబ్బు పెట్టారు. కంపెనీని నడిపే మేనేజింగ్ డైరెక్టర్ కొత్త షేర్లు సృష్టించి తనకు తానే కేటాయించుకుని మెజారిటీ తన వైపు తిప్పుకున్నాడు. డైరెక్టర్ కంపెనీకి నమ్మకస్తుడిగా ఉండాలని, తన పట్టు బిగించుకోవడానికి షేర్లు పంచుకోవడం ఆ నమ్మకానికి ద్రోహమని సుప్రీంకోర్టు ఆ కేటాయింపును రద్దు చేసింది. అంతకుముందు, నాడు ఈ వివాదాలు వినే కంపెనీ లా బోర్డు కేటాయింపు తప్పంటూనే, నష్టపోయిన దంపతుల షేర్లను ఆ డైరెక్టరే కొనుక్కోవాలని చెప్పింది. తప్పు చేసినవాడికే కంపెనీ దక్కేలా చేయడం న్యాయం కాదని పై కోర్టులు దాన్ని ఒప్పుకోలేదు. చిన్న కంపెనీల్లో జరిగే అన్యాయాల్లో మొదట చూడాల్సింది ఇదే. డబ్బు తినేయడం కంటే ముందు వాటా పలచబడుతుంది. ఒకనాడు 40 శాతం ఉన్న మనిషి రెండేళ్ల తర్వాత వచ్చి చూస్తే 9 శాతం మిగులుతుంది.

నీలగిరుల్లోని నీడిల్ ఇండస్ట్రీస్ కేసు ఇంకా సున్నితమైనది. ఆ కంపెనీలో ఇంగ్లండు కంపెనీకి వాటా ఉంది. 1977లో కొత్త షేర్లు తీసుకోవచ్చంటూ పంపిన లేఖ ఆలస్యంగా పోస్టు కావడంతో, గడువు దాటాక గానీ ఇంగ్లండు చేరలేదు. షేర్లన్నీ భారతీయ వాటాదారులకు వెళ్లిపోయాయి. 1981లో సుప్రీంకోర్టు దీన్ని అణచివేతగా చూడలేదు. విదేశీ వాటా తగ్గించాలన్న నాటి చట్టం వెనుక కారణంగా ఉంది. అయినా లేఖ ఆలస్యం వల్ల ఆ వాటాదారుకు పోయిన లాభాన్ని ఎదుటివారు తిరిగి ఇవ్వాల్సిందేనంది. 9,495 షేర్లకు షేరుకు 90 రూపాయల చొప్పున లెక్కగట్టి 8,54,550 రూపాయలు చెల్లించమని ఉత్తర్వు ఇచ్చింది. అణచివేత రుజువు కాకపోయినా న్యాయం చేయడానికి తగిన ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉందని దీనివల్ల స్థిరపడింది. ఈ కేసులో వాదమంతా ఒక్క కవరు మీద పడిన పోస్టాఫీసు ముద్ర చుట్టూ తిరిగింది. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నవారు తమ ఇమెయిల్, చిరునామా కంపెనీ రికార్డులో సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది ఇందుకే. కొత్త షేర్ల ప్రతిపాదనను రిజిస్టర్డ్ పోస్టులోనో, స్పీడ్ పోస్టులోనో, ఎలక్ట్రానిక్ మార్గంలోనో పంపాలని ఇప్పటి సెక్షన్ 62 చెబుతోంది. పాత అద్దె ఇంటికి పోయిన నోటీసు కూడా పంపిన నోటీసే అని ఎదుటివారు వాదిస్తారు.

ఎవరు, ఎక్కడ, ఎప్పటిలోగా

సెక్షన్ 244 ప్రకారం షేర్ మూలధనం ఉన్న కంపెనీలో కనీసం 100 మంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, వీటిలో ఏది తక్కువైతే అంతమంది కలిసి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అది కాకుంటే జారీ అయిన మూలధనంలో పదో వంతు చేతిలో ఉన్న ఒక్క సభ్యుడైనా చాలు. షేర్లపై చెల్లించాల్సిన సొమ్మంతా చెల్లించి ఉండాలి. అయిదుగురు సభ్యులున్న కుటుంబ కంపెనీలో ఒక్కరే ఐదో వంతు కాబట్టి, వాటా ఎంత చిన్నదైనా ఆ ఒక్కరికే అర్హత వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. లెక్క చాలకపోతే మినహాయింపు కోరవచ్చు. మిస్త్రీ సంస్థలకు కూడా అప్పీలు ట్రిబ్యునల్ ఆ మినహాయింపు ఇచ్చాకే విచారణ ముందుకు సాగింది.

వెళ్లాల్సిన చోటు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్. ఇది 2016 జూన్‌లో వచ్చింది. అంతకుముందు ఈ వివాదాలు వినే కంపెనీ లా బోర్డు దక్షిణాది బెంచ్ చెన్నైలో ఉండేది. 2002 నుంచి ముత్యంపేట ఫ్యాక్టరీ మూతపడేదాకా దాని వాటాదారుల వివాదానికి వేదిక చెన్నై అన్నమాట. ఈ దూరం చిన్న వాటాదారును ఎంత నిరుత్సాహపరిచేదో ఊహించవచ్చు. ఈ వ్యవహారాల్లో సివిల్ కోర్టు తలుపు సెక్షన్ 430 మూసేసింది కాబట్టి, జగిత్యాల కోర్టులో దావా వేసి ఏళ్లు గడిపినా ఫలితం దక్కే అవకాశం తక్కువ.

ఇక కాలం. ట్రిబ్యునల్‌కు కూడా కాలపరిమితి చట్టం వర్తిస్తుందని సెక్షన్ 433 చెబుతోంది. అంటే సాధారణంగా మూడేళ్లు. ‘మాట్లాడుకుందాం, పెద్దమనుషుల్లో పెడదాం’ అంటూ గడిచిపోయే మూడేళ్లు కూడా ఇందులోకే వస్తాయి. కొనసాగుతున్న అన్యాయం విషయంలో గడువు లెక్క వేరుగా ఉండవచ్చు గానీ, ఆ వాదన మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం మంచిది కాదు.

ట్రిబ్యునల్ ఏమివ్వగలదన్నది సెక్షన్ 242లో ఉంది. మైనారిటీ షేర్లను మిగతావారో కంపెనీయో కొనేలా ఆదేశించగలదు. డైరెక్టర్లను తొలగించగలదు, నియమించగలదు. అక్రమంగా పొందిన లాభాన్ని వసూలు చేయించగలదు. విచారణ నడుస్తుండగానే మధ్యంతర ఉత్తర్వుతో కొత్త షేర్ల కేటాయింపును, ఆస్తి అమ్మకాన్ని ఆపగలదు. నా అంచనాలో చిన్న కంపెనీల్లో అసలు మేలు చేసేది ఈ మధ్యంతర ఉత్తర్వే. ఆస్తి చేతులు మారిపోయాక తుది తీర్పులో గెలిచినా చేతికొచ్చేది కొంతే.

సత్యం నేర్పిన పాఠం, అమెరికా వాటాదారుకు దక్కిన సొమ్ము

తెలుగు నాట వాటాదారుల చరిత్రలో సత్యం కంప్యూటర్స్‌ది వేరే అధ్యాయం. అక్కడ ప్రమోటర్ల వాటా 10 శాతంలోపే. అయినా పట్టు వారిదే. 2008 డిసెంబరు 16న ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించారు. మదుపరులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్న లేఖ వచ్చింది. రెండు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా బోర్డు ఉత్తర్వుతో పాత బోర్డును తొలగించింది, ఆ వెంటనే కొత్త డైరెక్టర్లను నియమించింది. వాటాదారు కాకపోయినా ప్రజాప్రయోజనం కోసం ఇలా వెళ్లే అధికారం కేంద్రానికుంది. ఇప్పటి చట్టంలో అది సెక్షన్ 241లోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వానికి అలాంటి ప్రత్యేక దారిని ఈ సెక్షన్ ఇవ్వలేదు. ఏ వాటాదారైనా వెళ్లే దారిలోనే అది వెళ్లాలి. ముత్యంపేట వంటి సందర్భాల్లో ఈ తేడా ముఖ్యమైనది.

నష్టపరిహారం విషయంలో సత్యం బాధాకరమైన అసమానతను చూపింది. అమెరికాలో వేసిన సామూహిక దావాలో సత్యం 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ పక్షం 2.55 కోట్ల డాలర్లు చెల్లించేందుకు 2011లో రాజీ కుదిరింది. ఇక్కడి చిన్న వాటాదారుకు అలాంటి దావా వేసే దారి నాటి కంపెనీ చట్టంలో లేదు. ఆ లోటు తీర్చడానికే 2013 చట్టంలో సెక్షన్ 245 వచ్చింది, 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. కంపెనీ మీదే కాక డైరెక్టర్లు, ఆడిటర్ల మీద కూడా నష్టపరిహారం కోరవచ్చు. అయితే పుస్తకంలో ఉన్నంతగా ఈ సెక్షన్ కోర్టుల్లో వాడుకలోకి రాలేదు.

సిరిసిల్లలో దారి వేరు

సిరిసిల్ల ప్రజల్లో ఎక్కువమందికి వాటా ఉన్న పెద్ద సంస్థ కంపెనీ కాదు, సహకార సంఘం. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ మొదలైన కాలంలో దేశంలో ప్రయోగాత్మకంగా ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు వచ్చాయి. కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ములా ప్రవర, గుజరాత్‌లో కొడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నోతో పాటు మన సిరిసిల్ల. అదే సెస్ (సహకార విద్యుత్ సరఫరా సంఘం). సిరిసిల్ల, వేములవాడ ప్రాంతాల్లో కరెంటు సరఫరా చేస్తుంది. దాని పాలకవర్గానికి 2022 డిసెంబరులో ఎన్నికలు జరిగినప్పుడు ప్రధాన పార్టీలన్నీ పోటీకి దిగాయి.

సహకార సంఘంలో ఎవరి వాటా ఎంతైనా ఒక మనిషికి ఒక ఓటే. కాబట్టి డబ్బున్నవాడు వాటాలు కొని మెజారిటీ అవ్వడం నియమం ప్రకారం కుదరదు. కానీ గెలిచిన ప్యానెల్ ఐదేళ్లు పెత్తనం చేస్తే ఓడినవైపు సభ్యుడికి మిగిలేదేమిటి? అతను కంపెనీ ట్రిబ్యునల్‌కు వెళ్లలేడు. 1964 నాటి సహకార సంఘాల చట్టమే అతని దారి. సెక్షన్ 51 కింద రిజిస్ట్రార్ విచారణ, సెక్షన్ 60 కింద సంఘం సొమ్ముకు నష్టం చేసినవారి నుంచి వసూలు, సెక్షన్ 61 కింద వివాద పరిష్కారం, సెక్షన్ 76 కింద సహకార ట్రిబ్యునల్‌కు అప్పీలు. రాజమండ్రి కరెంటు కంపెనీ కేసులో కోర్టు చేసిన పనిని ఇక్కడ రిజిస్ట్రార్ చేయాలి. రిజిస్ట్రార్ ప్రభుత్వాధికారి. పాలకవర్గంలో ఉన్నదీ, ప్రభుత్వంలో ఉన్నదీ ఒకే పార్టీ అయినప్పుడు సభ్యుడి ఫిర్యాదు ఎంత వేగంగా కదులుతుందన్న అనుమానం రావడం సహజం. సహకార పద్ధతిలో నాకు కనిపించే పెద్ద బలహీనత ఇదే. ములా ప్రవర సంఘం 2011లో తన సరఫరా లైసెన్సును రాష్ట్ర విద్యుత్ సంస్థకు కోల్పోయింది. కాబట్టి సభ్యుల అప్రమత్తత లేని సంఘం ఎప్పటికీ నిలుస్తుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

దివాలాలో వరుస

మళ్లీ ముత్యంపేటకు. 2015లోనే తెలంగాణ ప్రభుత్వం ఫ్యాక్టరీని మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘానికి అప్పగించే ఆలోచన చేసింది. అది ముందుకు సాగలేదు. వ్యవహారం దివాలా స్మృతి కిందికి వెళ్లింది. 2019లో హైదరాబాద్ ట్రిబ్యునల్ కంపెనీ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం పునరుద్ధరణకు మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది.

దివాలా ప్రక్రియ మొదలైన రోజునే బోర్డు అధికారాలు సస్పెండ్ అవుతాయి. అప్పటిదాకా వాటాదారు పోరాడేదల్లా బోర్డుతో కదా. ఇప్పుడు ఎదుట బోర్డు లేదు, అప్పులిచ్చినవారి కమిటీ ఉంది. ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ము పంపకానికి దివాలా స్మృతి సెక్షన్ 53 ఒక వరుస పెట్టింది. ప్రక్రియ ఖర్చులు ముందు. తర్వాత సెక్యూర్డ్ రుణదాతలు, వారితో సమానంగా కార్మికులకు లిక్విడేషన్‌కు ముందు 24 నెలల బకాయిలు. ఆ తర్వాత ఇతర ఉద్యోగులు, హామీ లేని ఆర్థిక రుణదాతలు, ప్రభుత్వ బకాయిలు. చెరుకు రైతు ఇంకా కింద, మిగిలిన అప్పుల వరుసలో నిలబడతాడు. చెరుకు సరఫరా చేసిన 14 రోజుల్లో ధర చెల్లించాలని, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నా సరే. అందరికంటే చివర ఈక్విటీ వాటాదారు. 49 శాతం అన్నది ఆ వరుసలో చిట్టచివరి స్థానంలో 49 శాతం.

అందువల్ల ఈ కేసు నుంచి నేను తేల్చగలిగింది ఇంతే. వాటాదారు హక్కు కంపెనీ బతికుండగానే పనిచేస్తుంది. ప్రభుత్వం రేపు మరే సంస్థలోనైనా మైనారిటీ వాటాతో మిగలాలనుకుంటే, ఉత్పత్తి ఆపడం, మరమ్మతులు, రైతుల బకాయిల వంటి విషయాల్లో తన సమ్మతి తప్పనిసరి అని ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఏటా వార్షిక లెక్కలను శాసనసభ ముందు పెట్టాలి. వాటా ఉంచుకుని ఈ రెండూ చేయకపోతే చెరుకు రైతుకు ఆ వాటా వల్ల ఒరిగేదేమీ లేదు.

మన జిల్లాల్లో వాటాదారులుగా మారుతున్న కొత్తవారు రైతులే. మామిడికి, పసుపుకు, విత్తనాలకు రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు వస్తున్నాయి. ఇవి కంపెనీల చట్టంలోనే సెక్షన్ 378ఎ నుంచి ఉన్న ప్రత్యేక అధ్యాయం కింద నడుస్తాయి. సభ్యులంతా వ్యక్తులే అయితే ఒకరికి ఒక ఓటు. వాటాను బజారులో అమ్ముకోవడం కుదరదు. బోర్డు అనుమతితో, ముఖ విలువకే, మరో క్రియాశీల సభ్యుడికి ఇవ్వాలి. వివాదాలను రాజీతోనో మధ్యవర్తిత్వంతోనో తీర్చుకోవాలి. బయటికి వెళ్లడం ఇంత కష్టమైన చోట లోపల నోరు తెరవడమే సభ్యుడికి మిగిలిన బలం.

మీరు ఏదైనా కంపెనీలోనో రైతు కంపెనీలోనో డబ్బు పెట్టి ఉంటే, సభ్యుల రిజిస్టరులో మీ పేరు, వాటా సరిగా ఉన్నాయో లేదో చూడండి. సెక్షన్ 94 మీకు ఆ హక్కు ఇచ్చింది. సర్వసభ్య సమావేశాల మినిట్స్ ప్రతులు సెక్షన్ 119 కింద అడగవచ్చు. లెక్కల ప్రతి సమావేశానికి 21 రోజుల ముందు మీకు అందాలి. అడిగినప్పుడు నోటితో కాక రాతపూర్వకంగా అడగండి, ఆ లేఖ ప్రతి, పోస్టు రశీదు దాచుకోండి. అడిగినా చూపకపోతే మూడేళ్ల గడువు అయిపోకముందే న్యాయవాదిని కలవండి.